సోములు చల్లిన నీళ్ళు

2016 మార్చి. నా పీహెచ్‌డీ గడువు ఇంకో ఇరవై రోజుల్లో అయిపోతుంది. పొడిగించమని అడిగే వీలును నిరుడే వాడేసుకున్నాను. ఇలాంటప్పుడు మనిషికి ఎవరి మీద కోపం రావాలి? నాకు అందరి మీదా వచ్చేది.

నా పేరు షాలిని. నెల్లిమర్ల దారిలో ఒక ప్రైవేటు కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. నా పరిశోధన గుడ్డు పెంకుల మీద. నవ్వకండి, మా అత్తగారు జ్ఞానసుందరి మీ వంతు కూడా నవ్వేశారు. హాస్టల్ మెస్ నుంచీ, ఆమదాలవలస స్టేషను బయట ఆమ్లెట్ బళ్ళ దగ్గర్నుంచీ బస్తాలకొద్దీ పెంకులు తెచ్చి, కడిగి, లోపలి పొర తీసి, ఎండబెట్టి, పొడి కొట్టి, తొమ్మిది వందల డిగ్రీల దగ్గర కాలుస్తాను. బజ్జీలు వేయించి పారబోసే నూనెలో కాస్త మిథనాలూ ఈ పొడీ కలిపి వేడి చేస్తే నూనె డీజిల్‌లా పనికొస్తుంది. నూనెను మార్చేస్తుంది గానీ పొడి మాత్రం ఖర్చయిపోదు. అందుకే దీన్ని ఉత్ప్రేరకం అంటాం. ఖరీదు పెట్టి కొనే సరుకు చెత్తలోంచి వస్తోందర్రా అని ఇంట్లో ఎన్నిసార్లు చెప్పినా, "ఈ కంపు ఇంకెన్నాళ్ళు?" అనే అడుగుతారు.

అంత వేడెక్కే ఫర్నేస్ మా కాలేజీలో లేదు. గరివిడి ఫ్యాక్టరీలో తెలిసినవాళ్ళ కాళ్ళా వేళ్ళా పడి, వాళ్ళ ఫర్నేస్‌ని ఇంకొక్క ఆదివారానికి సంపాదించాను. మళ్ళీ అడగొద్దని ముందే చెప్పేశారు. కాల్చిన పొడిని డబ్బాలో పోసి ల్యాబుకి తెచ్చేసరికి అటెండరు సోములు ఎదురొచ్చాడు.

"ఏటమ్మా అది?"

"సున్నం" అన్నాను. అతనికి ఉత్ప్రేరకం గురించి ఏం చెబుతాంలే అని.

సోమవారం వెళ్ళేసరికి డబ్బా ఖాళీ. పొడి అంతా ప్లాస్టిక్ తొట్టెలో నీళ్ళు తాగి, ఉబ్బి, రెండింతలై ఉంది. చుక్క తేమ తగలకూడదని మూతకు టేపు చుట్టిన పొడి!

"నానే సల్లేనమ్మా నీలు" అన్నాడు సోములు, మెచ్చుకుంటాననుకుని. "కాల్సిన సున్నాన్ని అలగొగ్గేస్తే గది అంటుకుంటాది. మా తాతలు గుల్ల సున్నం కాల్సినోలు. నానెరగనా?"

"ఎవడు చెయ్యమన్నాడయ్యా నిన్ను?" అని అరిచాను. వరండా అంతా పోగైంది. అక్కడితో ఆగానా? తిన్నగా ప్రిన్సిపాల్ జగన్నాధం గారి గదికి వెళ్ళి ఫిర్యాదు రాసిచ్చాను. ఆయన పిలిచి గద్దించేసరికి సోములు బిగుసుకుపోయాడు. తాను ఆ పొడిని ముట్టుకోనేలేదని కాగితం మీద రాసి సంతకం పెట్టాడు. అబద్ధమని తేలితే ఉద్యోగం పోతుందని ఆయన హెచ్చరించి పంపేశారు.

మూడో రోజు, పారెయ్యడానికి మనసొప్పక, ఆ తొట్టెలో పొడినే మా కాలేజీ చిన్న ఫర్నేస్‌లో ఆరు వందల డిగ్రీల దగ్గర మళ్ళీ కాల్చాను. తాగిన నీళ్ళయినా పోతాయి కదా అని. నూనెలో వేశాను. ఇదివరకు మూడు గంటలు పట్టిన పని గంటలో అయిపోయింది. నమ్మలేక మళ్ళీ చేశాను. మళ్ళీ గంటే. నీళ్ళు తాగి ఆరడంలో పొడి బాగా గుల్లబారి, నూనె లోపలికంటా అందుతోంది.

సంతోషించాలి కదా? ఒళ్ళు మండిపోయింది. ఎన్ని నీళ్ళు, ఎలా చల్లారో రాయకపోతే ఈ ఫలితానికి విలువ లేదు. అంతకుముందోసారి కాల్చినప్పుడు మిగిలిన పొడిలో సగం మీద నేనే నీళ్ళు పోసి చూశాను. గడ్డకట్టుకుపోయింది. గడువు పన్నెండు రోజులకు వచ్చింది.

సోములు ఇంటికి వెళ్ళాను. వాళ్ళావిడ కూర్మమ్మ కుర్చీ వేసింది. అతను నిలబడే ఉన్నాడు.

"ఎన్ని నీళ్ళు చల్లావు సోములూ?"

"నాను సల్లనేదమ్మా."

"నువ్వే చెప్పావు కదయ్యా నాతో!"

"నేదమ్మా. కాయితం మీద రాసిచ్చేసేను."

నువ్వు చేసిందే మంచిదైందన్నాను. బతిమాలాను. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానన్నాను.

"అప్పుడు నాను అబద్దం రాసినట్టయిపోతాది కదమ్మా" అన్నాడు నేలకేసి చూస్తూ.

ఆ మనిషి చేత అబద్ధం రాయించింది నా నోరే. సిగ్గుతో చచ్చిపోయాను.

బ్యాగులోంచి కాగితం తీసి, పొడిలో నీళ్ళు చల్లింది నేనేననీ, కంగారులో సోములు మీద తప్పుగా ఫిర్యాదు చేశాననీ ప్రిన్సిపాల్‌కి రాసి, సంతకం పెట్టి, పైకి చదివాను. సోములు రెండోసారి చదివించుకున్నాడు. అప్పుడు కూర్చున్నాడు.

"నీలు పొయ్యకూడదమ్మా, సేత్తో సల్లాల. రెండు పాల్ల సున్నానికి ఒక పాలు నీలు, అదీ మూడు దఫాలు. బుస్సుమన్నాదంటే ఆగిపోవాల. సల్లారినాక మల్లీ సల్లాల. పైన గోనె కప్పి తెల్లారిందాకా ఒగ్గేయాల."

మర్నాడు ఆ కాగితం ప్రిన్సిపాల్‌కి ఇచ్చేశాను. మిగతా సగం పొడితో సోములు చెప్పినట్టే చేశాను. అచ్చం అలాగే వచ్చింది. గడువుకు రెండు రోజుల ముందు థీసిస్ తయారైంది. కృతజ్ఞతల పేజీలో మొట్టమొదట సోములు పేరు రాసి, అతనికి చూపించాను.

అతని ముఖం పాలిపోయింది. "నా పేరు కొట్టీండమ్మా. మీ కాయితం పెకారం ఆ నీలు మీరే కదా సల్లేరు? పెద్దయ్యగోరు ఇది సూస్తే నా ఉజ్జోగం ఉంటాదా?"

కొట్టేశాను.

మా గైడు మురళీమోహన్ గారు ఆ అధ్యాయం రెండుసార్లు చదివారు. నాలుగేళ్ళలో ఒక్కసారైనా మెచ్చుకోని మనిషి, కళ్ళజోడు తీసి మరీ అడిగారు. "ఇలా మూడు విడతలుగా చల్లాలన్న ఆలోచన నీకెలా తట్టిందమ్మా?"

"అనుకోకుండా తట్టిందండీ" అన్నాను.