హైమ ముక్కును తోమిన తువ్వాలు

నేను ఒక తువ్వాలును, నీలిగళ్ల ముతక నూలు తువ్వాలును. చీరాల దగ్గర ఒక మగ్గం మీద పుట్టాను. ఒళ్లు తుడిస్తే తుడిచినట్టుండాలని నన్ను నేసిన ముసలాయన కాస్త గరుకుగానే నేశాడు. ఆ గరుకు చూసే సుభద్రమ్మ విజయవాడ బజారులో నన్ను ఏరుకుంది. ఆమెది టిఫిన్ బండి. కూతురు హైమావతికి పంతొమ్మిదేళ్లు, చీరల దుకాణంలో సేల్స్‌గర్ల్.

నాలుగు నెలలు తల్లీకూతుళ్ల తలలు తుడుస్తూ హాయిగా బతికాను. ఒక సాయంత్రం హైమ చెప్పులు విప్పకుండానే గుమ్మంలో కూలబడింది.

"మేనేజరు అందరి ముందూ అన్నాడమ్మా. కస్టమర్లు చీర చూడాలా, నీ ముక్కు మీద ఆ బ్లాక్‌హెడ్స్ చూడాలా అని. పది రోజుల్లో పోకపోతే గోడౌన్‌లో వేస్తాడంట."

గోడౌన్ అంటే కిటికీ లేని గదిలో రోజంతా మూటలు విప్పడం.

"ఏడవమాకే. పార్లరుకు పోయే స్తోమత లేకపోతే ఏం, వంటింట్లో లేని మందుందా?" అంది సుభద్రమ్మ.

మర్నాడు పొద్దున గిన్నెలో నీళ్లు మరిగించి, హైమ తల వంచితే నన్ను పైన కప్పింది. ఆ ఆవిరిలో మేమిద్దరమే. "పోవాలి, పోవాలి" అని ఆ పిల్ల గొణుగుడు నాకొక్కదానికే వినిపించేది. తర్వాత శనగపిండి, పెరుగు కలిపి పట్టించి, కడిగాక నాతో మెల్లగా అద్దుకునేది. మూడు రోజులకు మొహం నునుపు తేలింది. నల్లచుక్కలు పలచబడ్డాయేగానీ పోలేదు. ఓపిక పడితే ఏమయ్యేదో! పది రోజుల గడువులో ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుంది?

నాలుగో రోజు బియ్యప్పిండిలో పంచదార కలిపి రుద్దింది. ఆరో రోజు పక్కవాటా ఆవిడ నిమ్మరసం, వంటసోడా చెప్పింది. సుభద్రమ్మే నిమ్మకాయలు తెచ్చిచ్చింది. మొహం భగ్గున మండినా హైమ కడుక్కోలేదు. "మండుతుందంటే పనిచేస్తున్నట్టే" అని పళ్లు బిగించింది. మనుషులకు మందు మీదకంటే మంట మీదే నమ్మకం ఎక్కువ.

తొమ్మిదో రోజు అద్దంలో చూసుకుంది. చుక్కలు అక్కడే ఉన్నాయి. నన్ను తడిపి వేలికి బిగించి చుట్టి, మాడిన గిన్నె తోమినట్టు ముక్కును తోమసాగింది. నేను మెత్తబడితే బాగుండునని ఎంత తపించానో! చర్మం లేచింది. నా గళ్లలోకి ఎర్రటి మరక పాకింది.

సుభద్రమ్మ పరుగెత్తుకొచ్చి నన్ను లాక్కుంది. "చాలే తల్లీ, చాలు!"

"చాలదమ్మా. ఇంకొక్క రోజే ఉంది."

పదో రోజు పక్కుకట్టిన ముక్కుతో వెళ్లింది. మేనేజరు గోడౌన్ వైపు చెయ్యి చూపించాడట.

ఎంత ఉతికినా నా మరక పోలేదు. సుభద్రమ్మ నన్ను చింపి, వేడిగిన్నెలు దించే మసిగుడ్డను చేసింది.

నెల తిరిగేసరికి హైమ పుండు మానింది, చుక్కలు మళ్లీ వచ్చాయి. ఆషాఢం అమ్మకాల రద్దీకి మనుషులు చాలక ఆమెను మళ్లీ చీరల దగ్గరకు పిలిచారు. ఆ రోజు ఇంటికొచ్చి పొయ్యి పక్కన కూర్చుంది.

"అమ్మా, ఇవాళ నలభై మందికి చీరలు చూపించాను. ఒక్కరంటే ఒక్కరు నా మొహం వంక చూళ్లేదే!"

నవ్వుతూ మొదలుపెట్టిన మాట చివరికొచ్చేసరికి ఏడుపైంది.

సుభద్రమ్మ పొయ్యి మీది అన్నం మర్చిపోయి, నన్ను చేతుల్లో నలుపుతూ నిలబడింది.

"నీ ముక్కుకేం తక్కువే అని, నువ్వు గుమ్మంలో కూలబడిన ఆ సాయంత్రమే నేను అనుండాల్సింది" అంది.