మూడడుగులు ముందు గీత

కెర్కులా కుడికాలి బూటు తొడుక్కుని, ఎడమదాన్ని తలకిందులు చేసి దులిపాడు. పీతపిల్ల ఒకటి జారిపడి పక్కకి పరిగెత్తింది. "నీకూ పని కావాలా? ఖాళీల్లేవు, పో!" అని దాన్ని సాగనంపి, కాలువ గట్టున నిల్చున్న తొమ్మిది మందితో చేతులు కలపడానికి లేచాడు. మా మన్రోవియాలో చేయి కలపడమంటే ఊరికే పట్టుకుని వదలడం కాదు. వదిలేటప్పుడు ఇద్దరి నడివేళ్ళూ కొట్టుకుని చిటిక పలకాలి. కెర్కులా చిటిక క్లారా టౌన్ వీధి చివరిదాకా వినిపించేది. ఇవాళ ఒక్కటీ పలకలేదు.

"ఏం పెద్దయ్యా, వేళ్ళింకా నిద్ర లేవలేదా?" అంది ఆ తొమ్మిది మందిలో ఒకతైన గార్మై.

"నీ మొహం చూసి జడుసుకున్నాయిలే," అన్నాడాయన, ఎడమ భుజం రుద్దుకుంటూ.

అరవయ్యొక్కేళ్ళ మనిషి. పొడుగ్గా ఉంటాడు, నడుం మాత్రం ఎప్పుడో వంగిపోయింది. కాలరు ఊడిన చొక్కా, బెల్టుకి బదులు నైలాను తాడు, సిమెంటు తిని పగిలిన అరచేతులు. ఇరవై రెండో ఏట ఈ కాలువ గోడలు కట్టిన మేస్త్రీల్లో ఆయనొకడు. ఆ తర్వాత యుద్ధం వచ్చింది, పోయింది, మళ్ళీ వచ్చింది. పద్నాలుగేళ్ళు తాపీ ముట్టుకోకుండా అడవిలో బొగ్గు కాల్చి బతికాడు. తిరిగొచ్చి చూస్తే కాలువ లేదు, కాలువ ఉన్నచోట చెత్తగుట్ట ఉంది. ఈ నాలుగు నెలల్లో అందులోంచి రేకులు, చెప్పులు, తూటాల గుల్లలు, ఒక కుట్టుమిషను బయటపడ్డాయి. యుద్ధంలో నువ్వెక్కడున్నావని ఇక్కడ ఎవరూ ఎవర్నీ అడగరు. తొమ్మిది మందిలో ఒకడైన టార్న్యూ పన్నెండో ఏట తుపాకీ పట్టాడని అందరికీ తెలుసు. ఎక్కడ కూర్చున్నా గోడకి వీపు ఆనించే కూర్చుంటాడు. ఇప్పుడు వాడికి ముప్పై దాటాయి, పార పట్టడం తప్ప వేరే పని రాదు.

సిటీ ఆఫీసువాళ్ళు పది మందిని పెట్టుకున్నది కాలువని చిత్తడి నేలదాకా తెరవడానికి. తెరిచిన రోజున పని సరి. చిక్కంతా అక్కడే వచ్చింది. ఎత్తిన ప్రతి పారా వాళ్ళ కూటినే తవ్వుతోంది. అందుకని తొమ్మిది మందీ పెళ్ళినడకలు నడిచేవాళ్ళు. కెర్కులా చేతులకే ఆ విద్య రాలేదు. "మెల్లగా పెద్దయ్యా! కాలువంతా నువ్వే మింగేస్తున్నావు!" అని గార్మై అరిచేది. అదే గార్మై మబ్బు పట్టిందంటే చాలు, "ఇంకా ఎప్పుడు తవ్వుతార్రా, నా ఇల్లు మునిగాకా?" అని తిట్టేది. ఆమె ఇల్లు కాలువ పల్లంలో ఉంది. ప్రతి వానకాలం బియ్యం డబ్బా మంచమెక్కేది, గార్మై డబ్బా మీదికెక్కేది.

రోజూ సాయంత్రం కెర్కులా సార్డిన్ చేపల ఖాళీ డబ్బాలోంచి సున్నపు ముక్క తీసి, మర్నాటి పని ఎక్కడిదాకానో గోడమీద గీత గీసేవాడు. గీత చేరితే ఇంటికి పోవచ్చు. తెల్లారేసరికి ఎవరో ఆ గీతని తడిగుడ్డతో తుడిచి మూడడుగులు వెనక్కి గీసేవాళ్ళు. ఆ ఎవరో టార్న్యూ అని కెర్కులాకి తప్ప అందరికీ తెలుసు. పెద్దాయన కళ్ళకి మసకలు కమ్మాయని జాలిపడి, ముసిముసిగా నవ్వుకునేవాళ్ళు.

ఇవాళ తెల్లారకముందే వచ్చిన టార్న్యూ నిర్ఘాంతపోయాడు. నిన్న సాయంత్రం గీసిన గీత గోడమీద లేదు. కాలువ నోరు దాటి మూడడుగుల అవతల, చిత్తడిలో పడి ఉన్న విరిగిన స్తంభం మీద ఉంది. ఆయనకి చూపు పూర్తిగా పోయిందే అనుకున్నాడు. మూడడుగులు వెనక్కి జరిపినా పని ఇవాళే అయిపోతుంది. అందుకని ఏకంగా తొమ్మిదడుగులు వెనక్కి గీశాడు.

పదకొండింటికల్లా ఆ గీత చేరారు. తొమ్మిది మంది గట్టెక్కి కాళ్ళు కడుక్కుంటుంటే, కెర్కులా గీత దాటి తవ్వుతూనే ఉన్నాడు. సముద్రం వైపు ఆకాశం నల్లబడింది.

"పెద్దయ్యా, గీత దాటావు," అన్నాడు టార్న్యూ.

"వాన గీత చూసి ఆగదురా."

"అయితే రేపు మేం ఏం తినాలి?"

కెర్కులా మూడు పారలెత్తి, ఒకసారి పార మీద వాలి, మళ్ళీ ఎత్తాడు. గార్మై కాసేపు మబ్బుని చూసింది, కాసేపు పల్లంలో తన రేకుల కప్పుని చూసింది. "నా ఖర్మ కాకపోతే," అని లుంగీ ఎగదోపి కాలువలోకి దిగింది. ఆమె వెనకే టార్న్యూ, తిట్టుకుంటూ. ఆ వెనక మిగతావాళ్ళు. తమ పనిని తామే పూడ్చిపెడుతున్నామని తెలిసీ, నాలుగు నెలల్లో ఎన్నడూ తవ్వనంత జోరుగా తవ్వారు. ఒంటిగంటకి చివరి మట్టిపెళ్ళ విరిగింది. నల్లటి నీళ్ళు గుడగుడమంటూ చిత్తడిలోకి దూకాయి. అందరూ కేకలు పెట్టారు, ఆ తర్వాత ఒక్కొక్కరే పారలు కింద పెట్టారు.

అప్పుడొచ్చింది ఆఫీసు నుంచి హవా మేడమ్, కాగితాల కట్ట చంకలో పెట్టుకుని. కాలువ తెరిస్తే చాలదు, ఎప్పటికప్పుడు చెత్త తీసి కాచుకునేవాళ్ళు లేకపోతే నెలలో పూడుకుపోతుందని కెర్కులా ఆమె గడప ఆరుసార్లు తొక్కాడు.

"ముగ్గురికి ఒప్పుకున్నారు పెద్దయ్యా. ఏడాది పొడుగునా పని. మీరు, మీరు చెప్పిన ఇద్దరు."

"గార్మైని రాసుకో. సాండోని రాసుకో, పిల్లలు గలవాడు. మూడోది టార్న్యూ."

"మరి మీరు?"

"నేను కట్టినవాణ్ణమ్మా. కాపలా వీళ్ళది."

మిగిలిన ఆరుగురి పేర్లూ ఆమె ఇంకో కాలువ జాబితాలో రాసుకుంది. అదెప్పుడు మొదలవుతుందో తనకీ తెలియదని చెప్పింది. వాళ్ళు తలలూపారు. ఒకడు పారని కావలసినదానికన్నా ఎక్కువసేపు కడిగాడు.

టార్న్యూ కెర్కులా దగ్గరికొచ్చి నేలచూపులు చూశాడు. "నా పేరు తీసెయ్ పెద్దయ్యా. రోజూ గీత చెరిపింది నేనే."

"తెలుసు. రోజూ మూడే కదరా, ఇవాళ తొమ్మిది జరిపావేం? అన్యాయం కాదూ?"

టార్న్యూ తలెత్తాడు.

"నువ్వు మూడు తీస్తావని నేను మూడు కలిపేవాణ్ణి. లేకపోతే ఆ స్తంభం మీద ఎందుకు గీస్తానురా, మొసళ్ళ కోసమా?"

గార్మై నవ్వు ఆపుకోలేక గట్టున చతికిలబడింది. నాలుగు నెలలుగా తాము జాలిపడుతున్న మనిషి తమనే గమనిస్తూ వచ్చాడని తెలిసి అందరికీ సిగ్గేసింది, ప్రాణానికి హాయిగానూ అనిపించింది. కెర్కులా సార్డిన్ డబ్బా తీసి టార్న్యూ చేతిలో పెట్టాడు. "రేపట్నించి నువ్వే గియ్యి. నిజమైన చోటే గియ్యి." చేయి కలిపాడు. చిటిక చిన్నగా పలికింది.

గార్మై పెట్టిన అన్నం, కర్రపెండలం ఆకుల కూర పట్టుకుని ఆయన కాలువ దాటే కాలిబాట పలక కింద, నీళ్ళందని మెట్టు మీద, గోడకి ఆనుకుని కూర్చున్నాడు. వాన దిగింది. అందరూ గట్టు మీద తడుస్తూ నీళ్ళు పరిగెత్తడం చూశారు. నీళ్ళు గార్మై ఇంటి పక్కనుంచి, గడప తాకకుండా, తిన్నగా పోయాయి.

"పెద్దయ్యా, రా! చూడు!" అని పిలిచింది గార్మై. పలకలేదు. టార్న్యూ వెళ్ళి పక్కన కూర్చుని చేయి అందుకున్నాడు. అది చల్లబడిపోయి ఉంది. వదలకుండా అలాగే కూర్చున్నాడు. వాడి వీపు గోడకి ఆని లేదని గార్మై ఆ తర్వాత ఎప్పుడో చెప్పింది.

వారం తర్వాత ముగ్గురే పనిలోకి దిగారు. గోడమీద గీతలన్నీ వాన కడిగేసింది. సాయంత్రం టార్న్యూ డబ్బా తెరిచాడు, ముక్కని చూశాడు, మళ్ళీ మూసి గోడలో ఇటుక ఊడిన గూట్లో పెట్టాడు. ఇంటినుంచి కొత్త సుద్ద తెచ్చుకుని గీత గీశాడు. డబ్బా ఇంకా అక్కడే ఉంది, లోపల సున్నపు ముక్క, ఒకవైపు కెర్కులా బొటనవేలు ఆనేంత గుంటతో.