మాణిక్యమ్మ తలుపు తీస్తే

గుణదలలో మేరీమాత కొండకి వెళ్లే దారిలో, టైర్ల కొట్టు మీద రెండో అంతస్తులో ఒక చల్లటి గది ఉంది. ఆ గదిలో గోడ నిండా తెర, తెర నిండా ఆరు వందల పన్నెండు పచ్చ చుక్కలు. ఒక్కో చుక్కా ఒక్కో సెల్ టవర్. కొండపల్లి నుంచి సముద్రం ఒడ్డు దాకా ఏ టవర్ దగ్గర కరెంటు పోయినా, డీజిల్ తగ్గినా, పొగ లేచినా, ఎవరన్నా తలుపు తీసినా దాని చుక్క ఎర్రబడుతుంది. ఎర్రబడిన రెండు నిమిషాల్లోపు మార్త ఆ టవర్ కాపలా మనిషికి ఫోన్ చెయ్యాలి. ఏమైందో కనుక్కోవాలి. కారణం రాసి చుక్కని మళ్లీ పచ్చ చెయ్యాలి. అదీ ఆమె ఉద్యోగం. ఇంటి నుంచి నడిస్తే ఎనిమిది నిమిషాలు, మధ్యాహ్నం వెళ్లి వేడన్నం తిని రావచ్చు. అలాంటి కుర్చీ విజయవాడ మొత్తం మీద ఇంకోటి దొరకదని మార్తకి తెలుసు.

చిక్కల్లా రెండు వందల పద్నాలుగో చుక్కతో వచ్చింది.

అది ఉయ్యూరు అవతల బసవయ్య చెరుకుతోట మూల, ఆయన ఇంటి పక్కనే ఉన్న టవర్. కాగితం మీద కాపలాదారు బసవయ్యే. కానీ ఆయన తోటకి నీళ్లు కడుతూనో, చక్కెర ఫ్యాక్టరీ గేటు దగ్గర చెరుకు ట్రాక్టర్ల వరసలో కునుకు తీస్తూనో ఉంటాడు. టవర్ కింద గది తాళంచెవి ఆయన భార్య మాణిక్యమ్మ కొంగున, కంపెనీ ఇచ్చిన ఫోను ఆమె రొంటిన ఉంటాయి.

మొదటిసారి మాణిక్యమ్మ తలుపు తీసింది నిజంగా ఎలుక కోసమే. చీపురు పుచ్చుకుని మిషన్ల మధ్య వంగి చూస్తుంటే ఫోన్ మోగింది.

"కంట్రోల్ రూం నుంచి మార్తనండి. సైట్ తలుపు ఎవరు తీశారండీ?"

మాణిక్యమ్మ చీపురు దించి గది నాలుగు మూలలూ చూసింది. "నువ్వెక్కడున్నావమ్మాయ్?"

"గుణదలండి."

"గుణదల నుంచి నా తలుపు కనపడతందా నీకు?"

"కనపడదండి. తీసినట్టు తెలుస్తుందంతే."

"సరే గానీ, అక్కడ మబ్బేమన్నా పట్టిందా? వడియాలు పెట్టా."

మార్త కిటికీలోంచి చూసి మబ్బు లేదని చెప్పింది. కారణం దగ్గర ఎలుక అని రాసి, ఆ సంగతి మర్చిపోయింది. మాణిక్యమ్మ మర్చిపోలేదు.

మాణిక్యమ్మ తన బతుకులో డబ్బులు పోసి ఫోన్ చేసిన మనిషి కాదు. తమ్ముడికి ఒక్క రింగిచ్చి పెట్టేస్తే తమ్ముడే చేస్తాడు. పాలకేంద్రం వాడికి రెండు రింగులిస్తే ఇవాళ పాలు తక్కువని వాడికి అర్థమవుతుంది. కంట్రోల్ రూం నంబరుకి కూడా ఒక రింగిచ్చి చూసింది. అక్కడ ఎవరో రికార్డు గొంతు ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటుందే తప్ప తిరిగి ఫోన్ చేసే మర్యాద లేదు. అదే తలుపు తీస్తే రెండు నిమిషాల్లో మార్త పలుకుతుంది. ఇంత సుఖమైన మిస్డ్ కాల్ భూమ్మీద ఇంకోటి లేదని మాణిక్యమ్మ తేల్చుకుంది.

అప్పట్నుంచి ఉయ్యూరు చుక్క పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి ఎర్రబడుతూ వచ్చింది.

"మార్తమ్మా, కంకిపాడులో కరెంటుందా? అక్కడుంటే మాక్కూడా వచ్చిద్ది."

"ఉంది పిన్నిగారూ. ఇప్పుడే పచ్చబడింది."

"మార్తమ్మా, నిన్న తలనొప్పన్నావు, తగ్గిందా?"

"తగ్గింది పిన్నిగారూ. కానీ ఇట్లా ఊరికే తలుపు తియ్యకూడదండి."

"ఊరికే ఎక్కడ తీశాను, నీ తలనొప్పి కోసం తీశా."

మార్త కారణం రాయాలి కదా. కారణాల జాబితా విప్పితే గాలి, ఎలుక, మరమ్మతు, దొంగ అని నాలుగే ఉన్నాయి. పలకరింపు అన్నది లేదు. చూసి చూసి 'గాలి' మీద నొక్కేది. గాలి మరీ ఎక్కువైందనిపించిన రోజున ఎలుక మీద నొక్కేది.

నెలాఖరున మేనేజర్ సాంబశివరావు ఒక కాగితం పట్టుకుని వచ్చాడు. చెమట పట్టని గదిలో కూడా రుమాలుతో మెడ తుడుచుకునే మనిషి.

"ఉయ్యూరు తలుపు నెలలో అరవై ఒక్కసార్లు తెరుచుకుందమ్మా. నలభై మూడుసార్లు గాలన్నావు. అంత గాలుంటే అక్కడ సెల్ టవర్ ఎందుకు, గాలిమర పెట్టేవాళ్లంగా."

"మిగతావి ఎలుకలు సార్."

"తాళం తీసుకుని వచ్చే ఎలుకలా?"

మార్త తల వంచుకుంది.

"విను. గురువారం నాలుగింటికి హైదరాబాదు నుంచి త్రిపురసుందరిగారొస్తున్నారు. టవర్లు వాళ్లవి, చూసుకునే పని మనది. ఈ గది ఇక్కడే ఉంచాలా, హైదరాబాదుకి ఎత్తుకుపోవాలా అన్నది ఆవిడ కళ్లతో చూసి తేలుస్తారు. ఒక్క అరగంట గోడంతా పచ్చగా ఉండాలి. ఆ తలుపు గాని తెరుచుకుందో, గది సంగతి తర్వాత, నీ కుర్చీ ముందు పోతుంది."

చుక్క ఎర్రబడని సైట్‌కి ఫోన్ చెయ్యకూడదని నిబంధన గనక, మర్నాడు పొద్దున్నే మార్త రెండు వందల పద్నాలుగో చుక్క వైపు చూస్తూ కూర్చుంది. అవసరమైనప్పుడు అది ఎర్రబడదు. చివరికి పదకొండింటికి ఎర్రబడింది. మొదటి రింగులోనే మాణిక్యమ్మ ఎత్తింది.

"పిన్నిగారూ, గురువారం నాలుగింటి నుంచి నాలుగున్నర దాకా మీరా తలుపు తియ్యకూడదు. తీస్తే నా ఉద్యోగం పోతుంది. పెద్దవాళ్లొచ్చి నా పని చూస్తారు. నాకది పరీక్ష అనుకోండి."

అవతల ధడేల్మని తలుపు మూసిన చప్పుడైంది.

"పరీక్షా? ముందు చెప్పవేం. నా చేత్తో కాదు, మా ఆయన చేత్తో కూడా తియ్యనివ్వను. నువ్వు నిమ్మళంగా రాసుకో తల్లీ."

రాసే పరీక్ష కాదని చెబుదామనుకుంది గానీ, తియ్యనంది కదా, అంతే చాలనుకుంది మార్త.

గురువారం త్రిపురసుందరి సరిగ్గా నాలుగింటికి వచ్చింది. యాభై ఏళ్ల మనిషి, కళ్లద్దాలు తలమీదికి తోసుకుని మాట్లాడకుండా చూసే రకం. గోడ మీద ఆరు వందల పన్నెండు చుక్కలూ వరిమడిలా పచ్చగా ఉన్నాయి. సాంబశివరావు చేతులు వెనక్కి కట్టుకుని ఈ చుక్క ఫలానా, ఆ చుక్క ఫలానా అని పెళ్లివారికి బంధువుల్ని చూపించినట్టు చూపిస్తున్నాడు. మార్త ఒక్క చుక్క వైపే చూస్తోంది. నాలుగూ పది. నాలుగూ పన్నెండు. తలుపు మూసే ఉంది. మాణిక్యమ్మ మాట నిలబెట్టుకుంది.

నాలుగూ పద్నాలుగుకి చుక్క ఎర్రబడింది. ఎర్రబడి ఊరుకోలేదు, గదిలో గంట కూడా మొదలైంది. తెర మధ్యలో పెద్దక్షరాలు పడ్డాయి. సైట్ 214. పొగ.

"తలుపు కాదు సార్" అంది మార్త. ఆ మాట ఎందుకందో ఆమెకే తెలియలేదు.

సాంబశివరావు రుమాలు కిందపడింది. త్రిపురసుందరి కళ్లద్దాలు తలమీద నుంచి కళ్లమీదికి దించుకుంది.

"ఇప్పుడేం చేస్తారు?"

"కాపలా మనిషికి ఫోన్ చేస్తామండీ" అన్నాడు సాంబశివరావు. "ఐదు నిమిషాల్లో సంగతి తెలియకపోతే సైట్‌కి కరెంటు ఆపేసి ఫైరింజన్‌ని పిలుస్తాం."

"కరెంటు ఆపితే?"

"నాలుగూళ్లకి సెల్ ఫోన్లు పోతాయండీ."

మార్త అప్పటికే ఫోన్ చేస్తోంది. రింగు పోతోంది, ఎవరూ ఎత్తడం లేదు. మొదటి రింగు పూర్తి కాకుండా ఎత్తే మాణిక్యమ్మ, ఇవాళ పది రింగులైనా ఎత్తలేదు. మళ్లీ చేసింది. బసవయ్య సొంత ఫోనుకి చేస్తే ఫ్యాక్టరీ గేటు దగ్గర ట్రాక్టర్ల మోత తప్ప ఏమీ వినపడలేదు. ఆ మోతలోంచి "నేను లైన్లో ఉన్నా, లైన్లో ఉన్నా" అని ఆయన అరిచి పెట్టేశాడు. ఏ లైనో ఆయనకే తెలియాలి.

మూడు నిమిషాలయ్యాయి. మార్త తన తెర మీద ఉన్న మీటల వరస చూసింది. ఇక్కడి నుంచే ఏసీ వెయ్యొచ్చు, జెనరేటర్ ఆడించొచ్చు, టవర్ దీపం వెలిగించొచ్చు. చివర్న హూటర్ అని ఒకటుంది. దొంగలు పడితే చెరుకుతోటంతా దద్దరిల్లేలా కూత పెట్టే బూర అది. ఉద్యోగంలో చేరాక మార్త దాన్ని ఒక్కసారి కూడా ముట్టుకోలేదు.

ఆమె దాన్ని నొక్కి వెంటనే వదిలేసింది. మళ్లీ నొక్కి వదిలేసింది. రెండంటే రెండు పొట్టి కూతలు.

"అదేంటమ్మా, పూర్తిగా మోగించు" అన్నాడు సాంబశివరావు.

"మిస్డ్ కాలిచ్చాను సార్."

"ఎవరికి?"

మార్త తెర మీంచి కళ్లు తిప్పలేదు. నిమిషం తిరక్కుండానే పొగ అన్న మాట పక్కన ఇంకో మాట పడింది. తలుపు తెరిచారు.

ఇన్నాళ్లూ ఆ మాట పడకూడదని కోరుకున్న మార్త, ఇప్పుడు కుర్చీలోంచి సగం లేచింది. ఫోన్ చేసింది. ఒక్క రింగు కూడా పూర్తి కాలేదు. నిబంధన ప్రకారం పెద్దవాళ్లున్నప్పుడు స్పీకర్‌లో పెట్టాలి గనక స్పీకర్‌లో పెట్టింది.

"చెప్పు మార్తమ్మా, పరీక్ష అయిపోయిందా?"

"పిన్నిగారూ, అక్కడ మంటేమన్నా ఉందా?"

"మంటెందుకుంటది?"

"పొగ వస్తోంది లోపల్నుంచి."

"ఓ, అదా. సాంబ్రాణి."

త్రిపురసుందరి స్పీకర్ దగ్గరికి వంగింది.

"నీ పరీక్ష బాగా జరగాలని మిషన్‌కి సాంబ్రాణి వేశానమ్మా. తలుపు తియ్యొద్దన్నావుగా, తియ్యలా. వెనకమాల గాలి లాగే ఫ్యానుందే, దాని దగ్గర పెట్టా. ఎంత బాగా లాగిందనుకున్నావు. మా ఇంట్లో దేవుడు కూడా అట్టా పీల్చడు."

"మరి ఫోనెందుకు ఎత్తలేదండీ?"

"పరీక్షలో ఉన్న పిల్లతో ఎవరన్నా మాట్లాడతారా? ఎత్తితే నీకు మార్కులు తీసేస్తారని బియ్యం డబ్బాలో పెట్టి మూతేశా. ఇంతలో నువ్వు కూత పెట్టావు."

"కూత పెడితే తలుపెందుకు తీశారు పిన్నిగారూ?"

"భలేదానివే. నేను తలుపు తీస్తే నువ్వు ఫోన్ చేస్తావు. నువ్వు కూత పెట్టావంటే నేను తలుపు తియ్యాలిగా, నువ్వు ఫోన్ చెయ్యడానికి. బియ్యం డబ్బాలోంచి ఫోను తీసుకునే వచ్చా. ఇంతకీ పక్కన ఎవరన్నా ఉన్నారా, నీ గొంతు నూతిలోంచి వస్తన్నట్టుంది."

"నేనున్నానండీ" అంది త్రిపురసుందరి. "హైదరాబాదు నుంచి వచ్చాను."

"నువ్వేనా పరీక్ష పెట్టింది. ఆ పిల్ల మంచిది. చూసి మార్కులెయ్యి. దానికి మొన్న తలనొప్పి కూడా వచ్చింది."

"సాంబ్రాణి తీసెయ్యండి, చాలు."

"అయిపోయిందిలేమ్మా. నేనే కొంచెం వేశా."

గదిలో గంట ఆగింది. సాంబశివరావు రుమాలు ఏరుకుని, దాంతో మెడ తుడుచుకోవాలో ముఖం కప్పుకోవాలో తేల్చుకోలేక చేతిలోనే నలుపుతున్నాడు. కారణం రాయాల్సిన డబ్బా తెర మీద తెరుచుకుని ఉంది. గాలి, ఎలుక, మరమ్మతు, దొంగ. త్రిపురసుందరి వెనక నిలబడి చూస్తోంది. మార్త ఇక అబద్ధం రాయదలుచుకోలేదు.

"మేడం, ఆ తలుపు గాలికి తెరుచుకోలేదండీ, ఎప్పుడూ. మాణిక్యమ్మగారు నాతో మాట్లాడాలనిపించినప్పుడు తీస్తారు. నేనే గాలని రాశాను."

త్రిపురసుందరి కుర్చీ లాక్కుని కూర్చుంది. పాత కాగితాలు తిరగేసింది. చాలాసేపటికి తల ఎత్తింది.

"నాకు రాష్ట్రంలో నాలుగు వేల టవర్లున్నాయి. కాపలా మనిషికి ఫోన్ చేస్తే సగం మంది పూటకి గాని ఎత్తరు. మిగతా సగం మంది ఏ ఊళ్లో ఉన్నారో వాళ్ల ఇంట్లోవాళ్లకే తెలియదు. ఈవిడ అరవైసార్లలో అరవైసార్లూ మొదటి రింగుకే ఎత్తింది. ఇవాళ ఫోన్ లేకుండా కూడా నిమిషంలో తలుపు దగ్గరికి వచ్చింది. సాంబశివరావుగారూ, ఈ పద్ధతి ఎవరు పెట్టారు?"

"మేమేనండీ" అన్నాడు సాంబశివరావు, రుమాలు జేబులో పెట్టుకుంటూ. "చాలాకాలం ఆలోచించి పెట్టాం."

గది గుణదలలోనే ఉండిపోయింది, మార్త కుర్చీ కూడా. కారణాల జాబితాలో ఎలుకకీ మరమ్మతుకీ మధ్య సాంబ్రాణి అని కొత్త మాట చేరింది. హైదరాబాదు నుంచి ఒక ఉత్తరువు కూడా వచ్చింది. సోమవారం నుంచి ప్రతి కాపలా మనిషీ రోజూ పొద్దున పదింటికి ఒకసారి తలుపు తియ్యాలి, కంట్రోల్ రూం ఫోన్ చేసి క్షేమం కనుక్కోవాలి.

సోమవారం పదింటికి గోడంతా మిరపకాయలు ఆరబోసిన కళ్లంలా ఎర్రబడింది. మార్తా, పక్క కుర్చీలో కొత్తగా చేరిన రామతులసీ మంచినీళ్లు కూడా తాగకుండా ఫోన్లు చేస్తూనే ఉన్నారు. కొండపల్లి కాపలాదారు మనవరాలి పేరు ఏం పెట్టాలో అడిగాడు. ఇంకొకాయన గుణదలలో టైర్లు ఎంతకిస్తారో కనుక్కోమన్నాడు. రెండు వందల పద్నాలుగో చుక్క వంతు వచ్చేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది.

"ఏంటమ్మా ఇది" అంది మాణిక్యమ్మ. "పదింటి నుంచి తలుపు తీసి పట్టుకుని నిలబడ్డా. తీస్తన్నా, మూస్తన్నా, తీస్తన్నా. ఎంతకీ లైన్ కలవదు. ఈ మధ్య మన తలుపు ఎప్పుడు తీసినా ఎంగేజే."