సోఫియా చింతపిక్కలు

నానిన చింతపండు పిసుకుతూ సోఫియా పిక్కలు ఏరుతోంది. ఒకవైపు బండకేసి తెల్లగా అరగదీస్తే అవే పాచికలు.

"పులుసు మాకు, పిక్కలు కాలేజీకా? చదువు చెప్పవే అంటే ఆటలాడిస్తవా?" భర్త జయపాల్ పేపర్లోంచి తలెత్తకుండానే అన్నాడు.

నాంపల్లి కాలేజీలో ఆమెది తాత్కాలిక ఉద్యోగం. తొమ్మిదేళ్లయింది, తాతల కాలం నాటిదయ్యేట్టుంది. జాతీయాదాయం అనగానే ఎమ్మే ఎకనామిక్స్ అమ్మాయిలు ఆవులిస్తుంటే, ఓ ఆదివారం చర్చి అయ్యాక అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత వైకుంఠపాళీ కొని, గడుల్లో కాగితాలు అంటించింది. టైపిస్టు పనిచేసింది, మూడు గడులు పైకి. ఇల్లాలు వండింది, తోమింది, మంచాన పడ్డ మామగారికి అన్నీ ఎత్తిపోసింది, లెక్కలోకి రాదు, ఉన్నచోటే ఉండు. పాము మింగాలన్నా కాస్త పైకెక్కాలి కదా! ఇల్లాలి పసుపురంగు కాయ మొదటి గడి దాటలేదు. పావుగంట నవ్విన క్లాసు ఆ కాయ చుట్టూ మూగింది. "మేడమ్, మా అమ్మ గిట్లనే ఉండిపోతదా?" అంది వైశాలి. ఆ రోజు ఎవరూ ఆవులించలేదు.

అంతలో తనిఖీ కమిటీ వస్తోందన్నారు. కొత్త బోధన చూపినవాళ్లకు పర్మనెంటట. శాఖాధిపతి వామన్‌రావు పిలిచాడు. "ఆట నేను చూపిస్తనమ్మా, నువ్వు టీ చూస్కో. పర్మనెంటు కాయితం మీద నా సంతకం గావాలె గద?" కమిటీలో ఆమె వాటా చివరి అక్షరమే! కొత్త బోర్డు అచ్చేయించాడు, కింద ఆయన పేరు. పసుపుకాయను మాత్రం ఆమె చేతిలో పెట్టేశాడు. "కదలని కాయ అడ్డమెందుకు?"

"ఆటే గదనే, పోనీ," అన్నాడు జయపాల్. స్నానాలగదిలో నల్లా విప్పి ఏడ్చింది, బకెట్ నిండిందని అత్తగారు కేకేసేదాకా.

కమిటీ రోజు ట్రే పట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఆటలో అరటిపండు తను. ట్రేలో అరటిపండ్లు కూడా తనే కొనుక్కొచ్చింది. వామన్‌రావు ఆమె అరగదీసిన పిక్కలే వేశాడు. కాయలన్నీ గంతులేస్తూ పైకి పోయాయి.

"ఇంట్లో పనిచేసే ఆడవాళ్లేరీ?" ఓ సభ్యురాలు అడిగింది.

"వాళ్లు ఆటలో లేరు మేడమ్."

సోఫియా ట్రే కింద పెట్టింది. పిక్కలు ఒక్కొక్కటే ఏరి కొంగున ముడేసుకుంది.

"ఏందమ్మా ఇది?"

"బోర్డు మీద మీ పేరుంది సర్, ఉంచుకోండి. పిక్కలు మా వంటింటివి."

ఇక ఆ సంతకం రాదు. తెలిసే, పసుపుకాయను ఆయన పేరు మీద పెట్టి బయటికి నడిచింది. మెట్లు దిగుతుంటే, పాచికల్లేని ఆట ముందు కూర్చున్న వామన్‌రావు గొంతు వినిపించింది:

"మరి టీ ఎవరు పోస్తరు?"