కారం చెక్క గిటారు

యలమందయ్య చిత్రిక పట్టడం మొదలుపెట్టిన కాసేపటికే వీధంతా తుమ్మింది. ముందు టీకొట్టులో గ్లాసులు కడిగే ఆమె తుమ్మింది. తర్వాత గుంటూరు బస్సు కోసం నిలబడ్డవాళ్లు తుమ్మారు. ఆఖరికి పక్క కొట్లో మోటరు కాయిలు చుట్టుకుంటున్న నజ్మీన్ చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని బయటికొచ్చింది.

“ఏంది బాబాయ్, చెక్క చెక్కుతున్నావా, కారం దంచుతున్నావా?”

“రెండూనే అమ్మాయ్,” అన్నాడు యలమందయ్య కళ్లు తుడుచుకుంటూ. తుడుచుకున్న చేతికీ ఆ పొడే ఉండటంతో కళ్లు ఇంకా మండాయి. “పాత మిర్చికొట్టు తలుపిది. మా నాయన చేసింది. రెండు రెక్కలూ నాకే దొరికినయ్. బస్తాలు ఆనీ ఆనీ టేకుకు కారం ఎక్కింది. అయితే ఏంది, ఇంత ఎండిన చెక్క ఇప్పుడు యాడ దొరుకుద్ది? కొట్టి చూడు.”

నజ్మీన్ వేలి కణుపుతో కొట్టింది. చెక్క ఖంగుమంది. ఆమె తుమ్ముతూనే నవ్వింది. గిటారు కోసం వాళ్లిద్దరూ వెతుకుతున్న చెక్క ఇదే.

ప్రత్తిపాడు రోడ్డు మీద ఒకే గోడకు అటూ ఇటూ ఉంటాయి వాళ్ల కొట్లు. అటుపక్క యలమందయ్య మంచాలు, తలుపులు చేస్తాడు. ఇటుపక్క నజ్మీన్ కాలిపోయిన బోరు మోటర్లకు కొత్త తీగ చుడుతుంది. నాన్నకు పక్షవాతం వచ్చి మంచాన పడ్డాక కొట్టు ఆమె చేతికొచ్చింది. పని ఆయన పక్కన కూచుని చూసి చూసి నేర్చుకుంది. నేర్చుకుంటే చాలదు, జనం నమ్మాలి. ఆడపిల్ల చుట్టిన మోటరు తీరా పైరుకు తడి కావలసినప్పుడు ఆగిపోతే ఎవరిది పూచీ అని, రైతులు మోటర్లను ట్రాలీల్లో వేసుకుని గుంటూరు పోయేవాళ్లు. అట్లాంటి రోజుల్లో మొట్టమొదటి మోటరు తెచ్చి ఆమె ముందు దించినవాడు శ్యామ్ సుందర్. అతను పత్తి మిల్లులో గింజ వేరుచేసే జిన్నింగు మిషన్ల దగ్గర పనిచేసేవాడు.

“చుట్టు చెల్లెమ్మా. పనిచేస్తుందో లేదో చూసేదానికి నేనున్నాగా,” అన్నాడు.

ఆ మోటరు ఆగలేదు. ఆ తర్వాత నజ్మీన్ కొట్టూ ఆగలేదు.

పోయినేడు పత్తి సీజన్లో అదే మిల్లులో శ్యామ్ సుందర్ ఎడమచెయ్యి బెల్టులో పడింది. చెయ్యి దక్కింది గానీ మూడు వేళ్లు కర్రల్లా బిగుసుకుపోయాయి. వాళ్ల పల్లె చర్చిలో ఆదివారం ఆరాధనకు గిటారు వాయించేది అతనే. ప్రసంగానికి జోగే ముసలాళ్లు కూడా అతను తీగ మీటగానే సర్దుకుని కూచునేవాళ్లు. చెయ్యి అట్లా అయ్యాక అతను లోపలికి వెళ్లడం మానేశాడు. చెప్పులు విడిచేచోట వేపచెట్టు కింద కూచుని, పాటలు అయిపోయేదాకా నేల చూసేవాడు.

అతని భార్య జయకుమారి ఒకరోజు మిరపకాయల కోత నుంచి నేరుగా నజ్మీన్ కొట్టుకొచ్చింది. చేతులకు కారం అంటుకుని ఉందేమో, ఫోను చీరకొంగుతో పట్టుకుంది.

“ఇది చూడు నజ్మీన్,” అంది.

ఫోనులో ఎవరో ఒకాయన గిటారును ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టుకుని వాయిస్తున్నాడు. కుడిచేత్తో తీగలు మీటుతున్నాడు. ఎడమచేత్తో ఒక ఇనప కడ్డీని తీగల మీద అటూ ఇటూ జరుపుతున్నాడు. ఏ వేలూ తీగను నొక్కడం లేదు. పాట మాత్రం మనిషి గొంతులా సాగుతోంది.

“వేళ్లు వంగక్కర్లేదంట దీనికి. మీ అన్నకు చూపిస్తే ఫోను బోర్లించి అవతలికి పోయాడు. ఇట్టాంటియ్యి మనకు యాడ అమ్ముతారు? మీరేమన్నా చెయ్యగలరేమోనని వచ్చా.” జయకుమారి గొంతు తగ్గించింది. “ఈస్టరుకు ఆయన లోపలికొచ్చి కూచుంటే చాలు నాకు. వాయించకపోయినా సరే. బయట ఆ మనిషి కూచోనుంటే లోపల నాకు గొంతు పెగలట్లేదు. పెదాలు ఆడించి వస్తన్నా.”

  నజ్మీన్ వీడియోను మళ్లీ మళ్లీ వేసి చూసింది. తీగల కింద చిన్న డబ్బీ లాంటిది ఒకటి కనిపించింది. ఆపి, పెద్దది చేసి చూసింది. అయస్కాంతం, దాని చుట్టూ సన్నటి తీగ. అంటే కాయిలే గదా!

“ఫోను సాయంత్రందాకా నా దగ్గర ఉంచు వదినా,” అంది.

యలమందయ్య కళ్లజోడు తుడుచుకుని మరీ చూశాడు. “గిటారంటావేంది దీన్ని? పీట గదమ్మాయ్ ఇది. కాళ్లు లేని పీట.”

“ఆ పీటకు తీగలు కట్టాలి బాబాయ్.”

“కట్టు. కూచుంటే గుచ్చుకుంటయ్.”

“శ్యామన్నకి.”

యలమందయ్య నవ్వు ఆగిపోయింది. ఫోను ఇంకోసారి చూశాడు. “బొజ్జ లేదే దీనికి? గాలి ఆడకుండా మోత ఎట్టా వస్తది?”

“బొజ్జ అక్కర్లేదు. మోతను కాయిలు అందుకుంటది. ఆ కాయిలు నేను చుడతా.”

“అయితే పీట నేను చేస్తా,” అన్నాడు.

కొలతలకు అసలు గిటారు కావాల్సివచ్చింది. జయకుమారి భర్త లేనప్పుడు పాత గిటారును కల్లంలో కాయల మీద కప్పే పట్టాలో చుట్టి తెచ్చింది. యలమందయ్య దారంతో తీగ పొడవు కొలిచాడు. మెడ మీది గీతలు ఒక్కొక్కటీ పెన్సిల్‌తో చెక్క మీదికి ఎక్కించాడు. మొదట్లో ఎడంగా ఉండి పోనుపోను దగ్గరవుతున్న ఆ గీతలను చూసి, “ఇదేం నిచ్చెనమ్మా, పైకి పోయేకొద్దీ పిల్లలెక్కే మెట్లు పెట్టారు,” అని ఆశ్చర్యపోయాడు. తీగలు, వాటిని బిగించే బిరడాలు గుంటూరు నుంచి తెప్పించారు. కడ్డీ కోసం ఎక్కువ తిరగలేదు. ట్రాక్టరు మెకానిక్కు దగ్గర పాత పిస్టన్ పిన్ను ఒకటి దొరికింది. నున్నగా, చల్లగా, చేతికి బరువుగా ఉంది.

కాయిలే నజ్మీన్‌ను ఏడిపించింది. మోటర్లకు చుట్టే తీగ దీనికి పనికిరాదు. స్టార్టరు లోపలి చిన్న కాయిలుకు వాడే తీగ కావాలి, అది తలవెంట్రుక కన్నా సన్నం. గట్టిగా ఊపిరి వదిలినా తెగుతుంది. చేత్తో చుడితే వరస కుదరడం లేదు. నానమ్మ గుల్జార్ బేగం గుమ్మంలో కూచుని దిండ్లు కుట్టుకుంటూ ఇదంతా చూస్తూనే ఉంది. ఆ ఇంట్లో పూర్వం నుంచీ పత్తి ఏకి పరుపులు కుట్టే పని. విల్లుతో ఏకడం పోయినా ఆమె చేతిలో సూది పోలేదు.

“దారం కండెకు చుట్టేదానికి నా మిషను మీద చక్రం ఉంది గదే. దాని మీద పెట్టుకోరాదూ?” అంది.

అట్లా గుల్జార్ బేగం కుట్టుమిషను గిటారు కాయిలు చుట్టింది. ఫ్యాను ఆపేసి, నజ్మీన్ రెండు వేళ్ల మధ్య తీగను పక్షి ఈకలా పట్టుకుంటే, ముసలామె చక్రం తిప్పింది. తెగింది. మళ్లీ మొదలుపెట్టారు. మళ్లీ తెగింది. “దూదైనా ఇంత గారాబం పోదు,” అని విసుక్కుంది గానీ లేవలేదు ఆమె.

పీట తయారైంది. పైభాగం అద్దంలా మెరిసింది. యలమందయ్య అంచులు గుండ్రంగా తీసి, వార్నీషు వేసి, ఎండలో పెట్టి మురిసిపోయాడు. నజ్మీన్ దాన్ని తిరగేసి చూసింది. అడుగువైపు మిర్చికొట్టు తలుపు మిర్చికొట్టు తలుపులాగే ఉంది. ఎర్రగా, గరుకుగా.

“ఇటువైపు కూడా చిత్రిక పట్టరాదూ బాబాయ్?”

“మంచానికి అడుగు నున్నగా తీస్తామా? అల్మారాకు గోడవైపు పాలిష్ వేస్తామా?” అన్నాడు యలమందయ్య. “కనపడనివైపు పని చేస్తే చెక్కే నవ్వుద్ది. పైగా వీధంతా మళ్లీ తుమ్మాలా? టీకొట్టామె నన్ను చంపుద్ది.”

పైకి కనపడని లోపలి పనే బతుకైన నజ్మీన్‌కు ఆ మాట పూర్తిగా రుచించలేదు. కానీ ముసలాయన కళ్లు అప్పటికే చింతనిప్పుల్లా ఉన్నాయి. ఊరుకుంది.

ఈస్టరుకు వారం ముందు, మట్టల ఆదివారం మధ్యాహ్నం నజ్మీన్, యలమందయ్య గిటారును గుడ్డలో చుట్టుకుని శ్యామ్ సుందర్ ఇంటికెళ్లారు. చర్చి యాంప్లిఫయరును జయకుమారి ముందే అడిగి తెచ్చింది. ఎండ మాడ్చేస్తోంది. ఇంటి పక్క కల్లంలో కాయలు ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. శ్యామ్ సుందర్ లుంగీ పైకి మడిచి కట్టుకుని అరుగు మీద కూచున్నాడు. గుడ్డ విప్పగానే అతనికి అర్థమైంది. బిగుసుకున్న చెయ్యిని రెండో చేతి కింద దాచుకున్నాడు.

“నాకెందుకు చెల్లెమ్మా ఇది? జాలిపడి తెచ్చారా?”

జయకుమారి తల తిప్పుకుంది.  నజ్మీన్ ముందుకొచ్చింది.

“జాలి కాదన్నా. కాయిలు చుట్టాను. నేను చుట్టింది పనిచేస్తుందో లేదో చూసేది నువ్వేగా.”

 శ్యామ్ సుందర్ చేతులు చాచాడు.

పీటను ఒళ్లో పెట్టుకుని, కడ్డీని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఇరికించి తీగల మీద జరిపాడు. కీచుమన్న ఆ మోతకు వీధి కుక్కలు లేచాయి.

“పిల్లి మీంచి కాలు తియ్యవయ్యా, చచ్చిపోద్ది,” అన్నాడు యలమందయ్య.

ఎవరూ నవ్వలేదు. శ్యామ్ సుందర్ మళ్లీ జరిపాడు. స్వరం వచ్చింది గానీ కడ్డీ వెనకాల తీగ గరగరమంటోంది. చెయ్యి కొంచెం వాల్చాడు. బిగుసుకుపోయిన ఆ మూడు వేళ్లూ కడ్డీ వెనక తీగల మీద తిన్నగా, బద్దల్లా ఆనుకున్నాయి. గరగర ఆగింది. స్వరం ఒక్కటే మిగిలింది, నూనె పోసినట్టు.

అతను చెయ్యి ఎత్తాడు. గరగర. మళ్లీ వాల్చాడు. ఆగింది.

“వీటికి పనుంది,” అన్నాడు ఆ వేళ్లను చూసుకుంటూ, తనతో తనే అన్నట్టు. “ఈ మూడిటికీ పనుందే!”

తర్వాత తీగల మీదికి వంగాడు. ప్రతి ఈస్టరుకూ అతను వాయించే పాట మెల్లగా వెతుక్కున్నాడు. ఒకచోట గీత దాటి పోయాడు, వెనక్కొచ్చాడు. రెండో చరణానికి కడ్డీ దారి పట్టింది. నజ్మీన్ గోడకు ఆనుకుని వింటోంది. తను ఊపిరి బిగబట్టి చుట్టిన తీగ లోంచి మనిషి గొంతు వస్తున్నట్టుంది. చెమట అతని కణతల మీంచి గడ్డం మీదికి కారుతోంది. పాట పూర్తిగా, చివరి సాగదీతతో సహా వాయించి ఆపాడు.

అప్పుడు అతని మొహం మారింది. గిటారును జాగ్రత్తగా అరుగు మీద పడుకోబెట్టి, ఆ తర్వాతే అరిచాడు.

“అమ్మో! మంట! మంట!”

ఒక్క గంతులో నీళ్ల గాబు దగ్గరికి పోయి చెంబులతో తొడల మీద గుమ్మరించుకోవడం మొదలుపెట్టాడు. యలమందయ్య అదిరిపడి గిటారు తిరగేశాడు. చెమట తగిలినమేర అడుగు చెక్క ఎర్రగా నాని ఉంది. వేలితో రాసి నాలికకు తగిలించుకుని, థూ అని ఊశాడు.

“ఒరేయ్ యలమందా,” అని తన్ను తనే తిట్టుకున్నాడు. “మంచం అడుగు నేలకుంటది. దీని అడుగు మనిషికిరా, ఎద్దు మొహమా!”

గాబు దగ్గర నుంచి ఏదో చప్పుడు వచ్చింది. ఏడుస్తున్నాడేమోనని జయకుమారి పరిగెత్తింది. శ్యామ్ సుందర్ లుంగీ తడిసి ముద్దయి, చెంబు పట్టుకుని, కళ్లవెంట నీళ్లొచ్చేలా నవ్వుతున్నాడు. పోయినేడు పత్తి సీజను నుంచి ఆ ఇంట్లో వినపడని నవ్వు అది.

“పాట మధ్యలో మండలేదా అన్నా?” అనడిగింది నజ్మీన్.

“మండే ఉంటది చెల్లెమ్మా,” అన్నాడు అతను. “నాకు తెలియలా.”

“ఇటియ్యి, రేపటికల్లా చిత్రిక పట్టి తెస్తా,” అని యలమందయ్య గిటారు చుట్టబోయాడు. శ్యామ్ సుందర్ తడి చేతులతోనే వచ్చి పట్టుకున్నాడు.

“రేపటికా? నేనియ్యను బాబాయ్. ఈస్టరు అయ్యాక చూద్దాం. అప్పటిదాకా మండితే మండనీ, తొడలు నావి.”

సంగతి గుల్జార్ బేగం చెవిన పడింది. మేలురకం దూది తీసి, వేళ్లతో విడదీసి, గిటారు పొడవున ఒక మెత్త కుట్టింది. పరుపుకు వేసినట్టు దానికి అడ్డకుట్లు వేసింది.

ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటలో ప్రార్థన అయ్యాక జనం చర్చికి చేరారు. శ్యామ్ సుందర్ వేపచెట్టు దగ్గర చెప్పులు విడిచాడు. ఒక చంకలో గిటారు, ఒక చంకలో మెత్త. ఒక్క క్షణం అక్కడే నిలబడ్డాడు. జయకుమారి వెనక్కి తిరిగి చూడకుండా ముందు నడిచింది. అతను ఆమె వెనకే లోపలికి వెళ్లాడు.

పిలవగా వచ్చిన నజ్మీన్, యలమందయ్య వెనక వరసలో చాప మీద కూచున్నారు. ఆ చర్చిలో మేలు పొందినవాళ్లు పాటకు ముందు లేచి సాక్ష్యం చెప్పడం అలవాటు. శ్యామ్ సుందర్ లేచాడు. సిద్ధం చేసుకున్న మాటలేవో మరిచిపోయినట్టున్నాడు.

“దేవునికి స్తోత్రం,” అన్నాడు. “చెక్కిన చేతికీ, చుట్టిన చేతికీ, మెత్త కుట్టిన చేతికీ... నా ఇంటావిడకీ...” కడ్డీ అందుకున్నాడు. “మిగతాది వాయిస్తా,” అని కూచున్నాడు.

ఆమెన్ అన్నారు అందరూ. నజ్మీన్ తల వంచుకుంది. ఆ మొదటి మోటరు నాటి నుంచీ తను చెప్పాలనుకున్న కృతజ్ఞతే అతను ముందు చెప్పేశాడనిపించింది ఆమెకు.

గిటారు మొదలైంది. యలమందయ్య ఆమె చెవి దగ్గరికి వంగాడు. “ఆ తలుపు రెండో రెక్క ఇంకా ఉందమ్మాయ్. ఈసారి అడుగువైపు నుంచే మొదలుపెడతా.”

నజ్మీన్ పెదాల మీద వేలు పెట్టి ఊరుకోమంది. ఆమె ఇంకో గొంతు కోసం వింటోంది. మొదటి చరణం గడిచింది. రెండో చరణంలో, ఆడవాళ్ల వరసలోంచి, కొంచెం బొంగురుగా, తర్వాత గట్టిగా, జయకుమారి గొంతు లేచింది.