నార్మల్ శాంపిల్

ల్యాబ్‌కి కొత్త కిట్ వస్తే ముందు సిబ్బంది రక్తంతోనే సరిచూసుకోవడం అలవాటు. జబ్బు లేని మనిషి రక్తం కావాలని రోడ్డు మీద ఎవర్ని పట్టుకుంటారు? ఈసారి వచ్చింది కీళ్లవాతం యాంటీబాడీలను పట్టే కిట్. టెక్నీషియన్ తన చెయ్యి తనే చాపింది. "నార్మల్ అంటే నువ్వేనమ్మా, తుమ్మగా కూడా చూళ్లేదు" అంటూ తోటి ఉద్యోగి సూది గుచ్చాడు.

ఫలితం చూసి ఆయన కిట్‌ని తిట్టాడు. పాజిటివ్. అంచున ఆగిన పాజిటివ్ కూడా కాదు. ఆమె పాత కిట్ తీసి మళ్లీ పెట్టింది. యంత్రం మాట మార్చలేదు.

ఆ యాంటీబాడీల సంగతి ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒంటిని కాపాడాల్సినవి దారితప్పి ఒంటి మీదికే వస్తాయి. నొప్పి మొదలవడానికి ఏళ్ల ముందే రక్తంలో చేరి కూర్చుంటాయి. ఆ తర్వాత ఏమవుతుందో చూడాలంటే ఇంట్లో అమ్మ ఉంది. అమ్మ వేళ్లన్నీ చిటికెనవేలి వైపు ఒరిగిపోయి ఉంటాయి.

జన్యువులు అమ్మ నుంచి వచ్చినా జబ్బు రావాలని లేదని డాక్టరు చెప్పాడు. సిగరెట్ పొగకు దూరంగా ఉండమన్నాడు, చిగుళ్లు జాగ్రత్త అన్నాడు. పొద్దున లేచాక వేళ్లు బిగుసుకుంటే మాత్రం వెంటనే రమ్మన్నాడు. ఆ చివరి మాట ఒక్కటే ఆమెతో ఇంటికి వచ్చింది.

ఆమె భర్తకు పుట్టుచెవుడు. కుర్చీలకూ బల్లలకూ పాలిష్ పెడతాడు. వాళ్ల సంసారమంతా చేతులతోనే నడిచింది: పెళ్లికి ఒప్పుకోవడం, అలకలు, పక్కింటి వాళ్ల మీద చాడీలు. నొప్పి ఎలాగో ఓర్చుకుంటుంది. వేళ్లు వంగిపోతే అతని ముందు మూగదైపోతుంది. అదీ ఆమె భయం.

రోజూ కళ్లు తెరవకముందే దుప్పటి కింద పిడికిలి బిగించి చూసుకునేది. బిగిసేది. ఆ ధైర్యం పళ్లు తోముకునేలోపే కరిగిపోయేది. మాటలు కూడా తగ్గించింది, వాడితే వేళ్లు అరిగిపోతాయన్నట్టు. ఇది మూఢత్వమని తనకే తెలుసు. అయినా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేది.

చివరికి ఒకరోజు భోజనాల దగ్గర అతను కంచం పక్కకు జరిపి, నేనేం తప్పు చేశానని అడిగాడు. అప్పుడు చెప్పింది. రక్తం, కిట్, అమ్మ చేతులు, తన చేతులు, అన్నీ.

అతను ఎదురుగా తింటున్న అత్తగారి వైపు చూపించి చేతులతో అన్నాడు: "ఆవిడ చేతులకి ఎప్పట్నుంచో నత్తి. అయినా నన్ను తిట్టిన తిట్టు ఒక్కటీ నాకు అందకుండా పోలేదు."

అమ్మ వంకర చెయ్యి మెల్లగా పైకెత్తింది. "నోరు మూసుకుని తిను."

"చూశావా? స్పష్టంగా వినపడింది."

ముగ్గురూ నవ్వారు. ఎన్నాళ్లకో ఆమె గుండెల మీద బరువు దిగినట్టైంది.

మర్నాడు పొద్దున పిడికిలి బిగించింది. బాగానే బిగిసింది. కళ్లు తెరిస్తే అతను అప్పటికే మేలుకుని, మోచేతి మీద ఒరిగి ఆమెనే చూస్తున్నాడు. ఆమెకు నవ్వొచ్చింది. రాత్రి ఒక కల వచ్చిందని మొదలుపెట్టింది. కలలో ల్యాబ్ నిండా నీళ్లట, తను కుర్చీ మీద నిలబడి ఉందట. అతను తలూపుతున్నాడు, ఊపాల్సిన చోట కాదు. ఎప్పుడూ ఆమె ముఖానికీ చేతులకీ మధ్య తిరిగే చూపు ఇవాళ కిందే ఆగిపోయింది. ఒక్కో వేలూ ఎంతవరకు వంగుతోందో, ఎంతవరకు తెరుచుకుంటోందో చూస్తున్నాడు.

ఆమె కలను మధ్యలో ఆపేసింది.

తర్వాత ఏమైందని అతను అడగలేదు. ఆగిపోయిన వేళ్ల వైపే, ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు.