రెండో ఏడాది పాఠం ఎవరిది

గార్త్ ఫ్రీసెన్ తడిగుడ్డతో గొంతు కోసే రకమని ఓరెస్ట్ డానిల్‌చుక్‌కి యాభై దాటాక గానీ తెలిసిరాలేదు. పగవాడు చేస్తే సర్దుకోవచ్చు. ఇరవై ఏళ్ళు పక్కన కూచుని ఆలుగడ్డ కూరిన పెరోగీలు తిన్నవాడు, ఓరెస్ట్ భార్య లెనోర్ చేసిన బెర్రీ కేకు రెండో ముక్క అడిగి మరీ వేయించుకున్నవాడు చేశాడు. అదీ మంట.

ఓరెస్ట్ పదో తరగతి మధ్యలో బడి మానేశాడు. తండ్రి ట్రాక్టరు మీంచి పడి నడుం విరగ్గొట్టుకుంటే ఇల్లు గడవాలి కదా. ధాన్యపు గోదాములో లారీలు తూచే కాటా దగ్గర పనికి కుదిరాడు. అక్కడ మూల పడి ఉన్న కంప్యూటర్ని కెలికి కెలికి, చివరికి తనే ఒక ప్రోగ్రాం రాశాడు. గోధుమ లారీ కాటా ఎక్కిందంటే తూకం, తేమ, రైతుకి ఇవ్వాల్సిన సొమ్ము అన్నీ అదే తేల్చేది. సస్కాచువాన్ రాష్ట్రంలో పదకొండు గోదాములు దాన్ని వాడుకుంటూ అతనికి ఏటా అద్దె కట్టేవి. అయినా ఊరి దృష్టిలో అతను "కంప్యూటర్లు బాగుచేసే ఓరెస్ట్" మాత్రమే. ఆ పిలుపు అతనికి పంటి కింద రాయి.

గార్త్ ఊరి కాలేజీలో కంప్యూటర్ శాఖకి పెద్ద. ఒక సాయంత్రం వచ్చి వంటింట్లో కుర్చీ లాక్కున్నాడు.

"నాలుగేళ్ళ సాఫ్ట్‌వేర్ డిగ్రీ పెడుతున్నాం. ఏ ఏడాది ఏం నేర్పాలో తేల్చే కమిటీలోకి నువ్వు రావాలి."

"బడి ఎగ్గొట్టినవాణ్ణి పట్టుకొచ్చి డిగ్రీకి పాఠాలు పెట్టమంటావా? మతుండే మాట్లాడుతున్నావా?"

"డిగ్రీలున్నవాళ్ళు అయిదుగురున్నారు కమిటీలో. కాటా ఆగిపోతే చలిలో నిలబడ్డ రైతు ఎట్లా తిడతాడో ఒక్కడికీ తెలీదు. ఆ తిట్లు తిన్నవాడు ఒకడు కావాలిరా."

ఓరెస్ట్ పగలబడి నవ్వాడు. మర్నాటి నుంచే వెళ్ళాడు.

కమిటీ గదిలో గోడ నిండా పసుపు చీటీలు. ఒక్కో చీటీ ఒక్కో పాఠం. నెలల తరబడి వాటిని పీకి అటూ ఇటూ అంటించడమే పని. ఓరెస్ట్ మొదట్లో నోరు విప్పలేదు. ఒకరోజు లేచి రెండో ఏడాది చీటీలు సగం పీకేశాడు.

"మీ పిల్లలు ప్రతి టర్మ్‌కీ కొత్త ప్రోగ్రాం రాస్తారు, మార్కులు తెచ్చుకుంటారు, అవతల పారేస్తారు. బయట కొత్తది రాయమని ఎవడడుగుతాడండీ? ఎప్పుడో ఎవడో రాసి పోయినదాన్ని నెత్తిన పెట్టి, ఆగకుండా నడపమంటారు. రెండో ఏడాదంతా ఒక్క కొత్త ముక్కా రాయనివ్వకండి. జనం నిజంగా వాడుతున్న పాత ప్రోగ్రాం చేతికివ్వండి. తప్పు చేశారా, నిజం రైతు ఫోన్ చేసి తిట్టాలి."

వాళ్ళు వారాలు వాదించుకున్నారు. చివరికి ఒప్పుకుని, "అలాంటి ప్రోగ్రాం ఎవరిస్తారు?" అన్నారు.

"నాది లేదూ?" అన్నాడు ఓరెస్ట్.

ఆ రోజు కార్ల దగ్గర గార్త్ అతని భుజం తట్టాడు. "పాఠం నీది, ప్రోగ్రాం నీది. చెప్పేదీ నువ్వే. వేరే మాట లేదు." పిల్లలు దాని మీద చేయి వేయాలంటే అది కాలేజీ పేర ఉండాలని వాళ్ళ లాయరు కాగితాలు పంపాడు.

"నీకు ఉద్యోగం ఇస్తామని ఇందులో ఎక్కడుందయ్యా?" అంది లెనోర్.

"గార్త్ నోటి మాట చాలదూ?"

"నోటి మాట చాలేట్టయితే వాళ్ళకి నీ సంతకమెందుకు?"

అతను విసుక్కుని సంతకం పెట్టాడు.

ఇక మిగిలింది పేరు. కంప్యూటర్ సైన్స్ అందామా, ఇంజనీరింగ్ అందామా? ఇంజనీరింగ్ అంటే ఇంజనీర్ల గుర్తింపు మండలి వచ్చి కూచుంటుంది. కెమిస్ట్రీ కూడా నేర్పాలంటుంది, ఇంకా సవాలక్ష షరతులు. సగంమంది వద్దన్నారు. ఓరెస్ట్ ఊరుకోలేదు. "వంతెన కట్టినవాడు ఇంజనీరు. పదకొండు ఊళ్ళ పంట తూచేవాడు మెకానిక్కా? ఆ పేరు కావాల్సిందే!" అని బల్ల గుద్దాడు. చేతులు లెక్కపెడితే అతని చెయ్యి బరువుకే తక్కెడ ఒరిగింది. గార్త్ తల దించుకుని కాగితాలు సర్దుకున్నాడు.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం, మంచు మీద రాళ్ళు జార్చి ఆడే కర్లింగ్ క్లబ్బులో ఇద్దరూ చెరో జట్టులో ఆడారు. ఓరెస్ట్ ఆఖరి రాయి మంచు మీద జారుతూ వెళ్ళి గార్త్ రాయిని పక్కకు నెట్టింది. ఓరెస్ట్ జట్టు గెలిచింది. ఆ ఆటలో గెలిచినవాడు ఓడినవాడికి బీరు కొనాలి. తాతల నాటి మర్యాద. ఓరెస్ట్ చేతి తొడుగులు విప్పుతుండగానే గార్త్ గబగబా వెళ్ళి రెండు బీర్లు కొని తెచ్చాడు.

"గెలిచింది నేనురా. నువ్వెందుకు కొన్నావు?"

గార్త్ గ్లాసు అతని ముందుకు జరిపాడు. గార్త్ కొన్నాడంటే ఇంకెక్కడో గెలిచినట్టేనని ఓరెస్ట్‌కి తట్టింది. తను ఇంకేదో ఓడిపోయాడు.

"చెప్పెయ్. ఏంటది?"

"డిజైను పాఠాలు, నీ రెండో ఏడాది పాఠంతో సహా, లైసెన్సున్న ఇంజనీరే చెప్పాలట. మండలి షరతు. నాకూ బాధగానే ఉందిరా."

"బాధ సంగతి తర్వాత. నీకెప్పుడు తెలుసు?"

"... మొదట్నుంచీ తెలుసు."

"నేను బల్ల గుద్దినప్పుడూ తెలుసా?"

"నువ్వు గుద్దకపోతే ఆ పేరు నెగ్గేది కాదు. ఆ పేరు లేకపోతే ప్రభుత్వం పైసా ఇచ్చేది కాదు. కాలేజీ కోసం—"

"కాలేజీ సంగతి వదిలెయ్. నా పాఠం ఎవడు చెప్తాడు?"

గార్త్ గోడకేసి చూశాడు. "లైసెన్సు నాకుంది కదా."

"అయితే నా ప్రోగ్రాం నాకిచ్చెయ్."

"అది కాలేజీదిరా ఇప్పుడు. చూడు, ఏడాదికి రెండుసార్లు వచ్చి పిల్లలతో మాట్లాడు. పార్కింగ్ ఉచితం చేయిస్తా."

"నా ఇల్లు నువ్వు లాక్కుని, వాకిట్లో చెప్పులు విడుచుకోవడానికి నాకు చోటిస్తావా?" అన్నాడు ఓరెస్ట్. గొంతు పెద్దగానే లేచింది. పక్క బల్లల వాళ్ళు తిరిగి చూశారు. గ్లాసు ముట్టకుండా కోటు తగిలించుకుని బయటికి నడిచాడు.

ఇంటికెళ్ళి లెనోర్‌కి చెప్పాడు. నేను ముందే అన్నాను కదా అని ఆవిడ అనలేదు. అని ఉంటే నయమనిపించింది.

మరుసటి ఏడాది సెప్టెంబరులో రెండో ఏడాది పాఠం మొదలైంది. కాలేజీ పిల్లలు ఆ ప్రోగ్రాంని ఊరికే నడిపిపెడుతుంటే గోదాముల వాళ్ళు అద్దె ఎందుకు కడతారు? మేనేజర్లు ఒక్కొక్కరే ఫోన్ చేశారు. "తప్పుగా అనుకోకు ఓరెస్ట్, పైవాళ్ళ నిర్ణయం" అన్నారు. క్రిస్మస్ లోపల అందరి ఫోన్లూ అయిపోయాయి. ఒక్కో గోదాము ఏటా ఆరువేల నాలుగువందల యాభై డాలర్లు కట్టేది. పదకొండింటికీ కలిపి అతనికి పోయింది డెబ్భైవేల తొమ్మిదివందల యాభై డాలర్లు, ఏటా.